వైద్య పరికరాల కథ – 9: విమానం అద్దం కంట్లోకి వచ్చిన దారి

పోయిన భాగంలో ఎక్స్‌రే సంగతి చెప్పుకున్నాం. రాంట్‌జెన్ 1895 చివర్లో ఆ కిరణాలను కనిపెడితే, ఏడాది తిరక్కుండానే డాక్టర్లు వాటితో విరిగిన ఎముకలు, ఒంట్లో దిగిన తూటాలు వెతకడం మొదలుపెట్టారు. ఇక ఈ భాగంలో దానికి పూర్తిగా ఎదురు దారిలో నడిచిన పరికరం. పప్పుబద్దంత ఉంటుంది. కనిపెట్టిన మనిషి కళ్లముందే దాన్ని తిట్టారు, పక్కన పడేశారు, మళ్లీ ఏరి తెచ్చుకున్నారు, ఆనక నెత్తిన పెట్టుకున్నారు. ఇదంతా జరగడానికి ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది. మీ ఇంట్లో డెబ్బై దాటినవాళ్లుంటే వాళ్ల కంట్లో అది ఉండే అవకాశం చాలా ఎక్కువ. శుక్లం తీశాక లోపల అమర్చే లెన్సు అది. మన ఊళ్లలో 'అద్దం వేశారు' అంటాం.

ఆ అద్దం రాకముందు ఏముండేదో నాకు బాగా గుర్తు. 1970ల చివర్లో మా ఊరి హైస్కూల్లో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. తొమ్మిదో తరగతి గదిలోంచి బెంచీలు బయట పడేసి, సున్నం కొట్టి, దాన్నే ఆపరేషన్ గది చేశారు. మా నాయనమ్మను పక్క గదిలో నేల మీద పరుపేసి పడుకోబెట్టారు. తల కదలకూడదని రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టారు. తుమ్మకూడదు, దగ్గకూడదు, గట్టిగా నమలకూడదు. అందుకని రోజూ జావే. కొన్నాళ్లకు కట్టు విప్పి ఆకుపచ్చ గుడ్డ కట్టారు, ఇంకొన్నాళ్లకు నల్ల ఫ్రేము కళ్లజోడు చేతిలో పెట్టారు. సోడాబుడ్డి కళ్లద్దాలు అనేమాట ఊరికే పుట్టలేదు, నిజంగానే సోడాబుడ్డి అడుగంత మందం.

చూపు వచ్చింది. కానీ ఏం చూపు! కంట్లోంచి లెన్సు తీసేసి, దాని పని ముక్కు మీద పెట్టిన పది పన్నెండు పవరు గాజుకు అప్పజెప్పారు కదా, ఆ గాజు ప్రతి వస్తువునూ పావు వంతు పెద్దది చేసి చూపించేది. గుమ్మం విల్లులా వంగి కనబడేది. చెంబులో నీళ్లు గ్లాసులో పోయబోతే పక్కన నేల మీద పడేవి. గడప దాటాలంటే ముందు కాలితో తడుముకునేది. ఆ మందపు గాజు అంచుల దగ్గర చుట్టూరా ఏమీ కనబడని పట్టీ ఒకటి ఉంటుంది. పక్కనుంచి వచ్చే మనిషి ఆ పట్టీలో మాయమై, ఉన్నట్టుండి ఎదుట ప్రత్యక్షమవుతాడు. "మనుషులు గాల్లోంచి ఊడిపడుతున్నార్రా" అనేది నాయనమ్మ. మేం నవ్వేవాళ్లం. ఆవిడ చెప్పింది కంటి డాక్టర్లు పుస్తకాల్లో రాసుకున్న లక్షణమేనని నాకు పాతికేళ్ల తర్వాత తెలిసింది. ఆ జోడు ఒకసారి దూడ తొక్కి పగిలింది. కొత్తది వచ్చేదాకా మళ్లీ ఆవిడ గుడ్డిదే.

అప్పటికే కంట్లో పెట్టే లెన్సు పుట్టి ముప్ఫై ఏళ్లయింది.

శుక్లానికి శస్త్రచికిత్స మన దేశానికి కొత్త కాదు. పొరబారిన లెన్సును సూదిలాంటి పనిముట్టుతో చూపుకు అడ్డం లేకుండా తప్పించే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. మన గొప్పలు చెప్పుకునేటప్పుడు ఇక్కడే ఆగిపోతాం. ఆ విద్య ఊరూరా తిరిగే నాటువైద్యుల చేతుల్లో పడ్డాక ఏమైందో ఆ ఊసెత్తం. మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రిని నడిపిన రాబర్ట్ హెన్రీ ఎలియట్ ఈ నాటు పద్ధతి మీద 1917లో లండన్‌లో ఉపన్యాసాలిచ్చి, తర్వాత ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. మురికి సూదులతో చెడిపోయి, మద్రాసు ఆసుపత్రికి చేరిన కళ్ల లెక్క అందులో ఉంది. మన తెలుగు జిల్లాలు కొన్ని అప్పుడు మద్రాసు రాష్ట్రంలోవే కాబట్టి ఆ కళ్లలో మనవాళ్లవీ ఉండే ఉంటాయి.

లెన్సును పక్కకు నెట్టకుండా కోసి బయటికి తీసే పని 1747లో ఫ్రెంచి వైద్యుడు జాక్ దవియేల్ మొదలుపెట్టాడు. అక్కణ్నుంచి రెండు వందల ఏళ్లు తీయడంలోనే నైపుణ్యం పెరిగింది. తీసినచోట తిరిగి ఏదైనా పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చినా అది నిలవలేదు. కంట్లో నలుసు పడితేనే విలవిల్లాడతాం, కావాలని ఒక వస్తువును లోపల పెట్టి కుట్టేస్తారా?

ఆ నలుసే దారి చూపించింది.

1940 ఆగస్టు 15. బ్రిటన్ మీద జర్మనీ వైమానిక దాడులు ముమ్మరంగా సాగుతున్న రోజులు. 601 స్క్వాడ్రన్‌కు చెందిన గోర్డన్ క్లీవర్ అనే పైలట్, స్నేహితుల నోట 'మౌస్', ఆ రోజు గాగుల్స్ లేకుండా హరికేన్ విమానంలో ఎగిరాడు. శత్రువు తూటాలు కాక్‌పిట్ మీది ప్లాస్టిక్ మూతను తాకాయి. ఆ మూత ముక్కలు ముక్కలై రెండు కళ్లలోకీ దూసుకెళ్లింది. చూపు పోయినా విమానాన్ని తలకిందులు చేసి, పారాచూట్‌తో దూకి ప్రాణం దక్కించుకున్నాడు. చాలాచోట్ల ఈ కథలో స్పిట్‌ఫైర్ విమానం అని రాస్తారు. స్పిట్‌ఫైర్‌కు పేరెక్కువ, అందుకే కథలోకి చొరబడింది. 601 వాళ్లు నడిపింది హరికేన్లే.

క్లీవర్‌కు కన్నూ ముఖమూ కలిపి పద్దెనిమిది ఆపరేషన్లు జరిగాయి. ఒక కన్ను పోయింది. రెండో కంట్లో ప్లాస్టిక్ తునకలు అలాగే మిగిలిపోయాయి. అతన్ని చూసిన డాక్టర్లలో హెరాల్డ్ రిడ్లే ఒకడు. 1906లో పుట్టాడు, తండ్రి కూడా కంటి వైద్యుడే. రిడ్లే దృష్టిలో పడిన విషయం చూడటానికి చాలా చిన్నది. ఇనుప రజను కంట్లో పడితే కన్ను పాడవుతుంది, రాగి అయితే ఇంకా త్వరగా చెడుతుంది. పెర్‌స్పెక్స్ అనే ఈ ప్లాస్టిక్ తునకలు మాత్రం ఏళ్లు గడిచినా ఉన్నచోటే ఊరకే పడున్నాయి. కన్ను ఎర్రబడదు, చీము పట్టదు. కన్ను వాటితో పేచీ మానేసింది.

ఇలా గమనించిన మనిషి మర్నాడే లెన్సు చేయించలేదు. యుద్ధంలో ఆయన్ను ఆఫ్రికాకు, తర్వాత బర్మా వైపుకు పంపారు. తిరిగొచ్చాక లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఒక రోజు శుక్లం తీస్తుంటే, పక్కన నిలబడి చూస్తున్న వైద్యవిద్యార్థి అడిగాడట, తీసేశారు సరే, బదులుగా మంచి లెన్సు పెట్టరేమని. చదువుకున్నవాళ్లెవరూ అడగని ప్రశ్న, ఇంకా చదువు పూర్తికాని కుర్రాడు అడిగాడు. మనసులో ఎప్పట్నుంచో నానుతున్న ఆలోచనకు అది మొలక.

ఇక్కడ పరికరాల చరిత్రలో తరచూ కనిపించే మనిషి ఒకడు వస్తాడు. డాక్టరు కాదు, తయారీ తెలిసినవాడు. రేనర్ అనే కళ్లద్దాల కంపెనీలో జాన్ పైక్ అనే కాంతిశాస్త్ర నిపుణుడు ఉన్నాడు. రిడ్లే ఆయనతో మంతనాలాడాడు. విమానాల మూతకు వాడిన ప్లాస్టిక్‌లో మలినాలుంటాయి కాబట్టి, ఐసీఐ కంపెనీ కంటి కోసమే శుద్ధమైన పెర్‌స్పెక్స్ తయారుచేసి ఇచ్చింది. లెన్సును లాభం లేకుండా ఖర్చుకే తయారుచేసేటట్టు మాట అనుకున్నారు.

1949 నవంబరు 29న సెయింట్ థామస్‌లో 45 ఏళ్ల మహిళకు రిడ్లే ఆపరేషన్ చేశాడు. లెన్సును శాశ్వతంగా కంట్లో వదిలింది మాత్రం 1950 ఫిబ్రవరిలో. రెండు విడతలుగా చేయడంలోనే ఆయన భయం తెలుస్తోంది.

ఫలితం? లెన్సు కంట్లో చక్కగా నిలిచింది. పవరు మాత్రం ఘోరంగా తప్పింది. ఆవిడకు దూరపు చూపు పూర్తిగా మసకబారి, ఈసారి మైనస్ పవరు అద్దాలు కావలసి వచ్చాయి. రిడ్లే మన కంట్లోని లెన్సు వంపులను కొలిచి అచ్చం అలాగే ప్లాస్టిక్‌లో చేయించాడు. కానీ పెర్‌స్పెక్స్ కాంతిని మన కంటి లెన్సుకన్నా ఎక్కువగా వంచుతుంది. వక్రీభవన గుణకం మన లెన్సుకు 1.42 ప్రాంతంలో ఉంటే దానికి 1.49. చూడటానికి తేడా ఏడు వందో వంతులే. కానీ లెన్సు చుట్టూ ఉండే ద్రవానికి గుణకం 1.34 దగ్గర ఉంటుంది, కాంతి ఎంత వంగుతుందో తేల్చేది ఆ రెంటి మధ్య తేడా. 1.42కు, 1.34కు మధ్య ఎనిమిది వందో వంతులుంటే, 1.49కు పదిహేను వచ్చింది. పవరు దాదాపు రెట్టింపయింది. ప్రకృతిని కాపీ కొట్టేటప్పుడు రూపం ఒక్కటే దింపుకుంటే ఇంతే. తర్వాతి లెన్సులకు వంపు తగ్గించి సరిచేశారు.

రిడ్లే ఈ సంగతి రెండేళ్లు గుట్టుగా ఉంచాలనుకున్నాడు. గుట్టు రట్టయిన తీరు సినిమాలో పెడితే మనం నమ్మం. లండన్‌లోనే ఫ్రెడరిక్ రిడ్లే అని ఇంకో కంటి డాక్టరు ఉన్నాడు. ఆపరేషన్ అయిన రోగి ఒకరు ఇంటిపేరు చూసి, పొరపాటున ఆయన దగ్గరికి పరీక్షకు వెళ్లారు. ఆ రిడ్లే కంట్లోకి తొంగిచూస్తే లోపల తళతళలాడుతూ ప్లాస్టిక్ ముక్క! ఇక దాచేదేముంది? 1951లో ఆక్స్‌ఫర్డ్ మహాసభలో రిడ్లే తన రోగులను తీసుకెళ్లి, వ్యాసం చదివాడు. బ్రిటిష్ కంటి వైద్యానికి అప్పట్లో పెద్దదిక్కు సర్ స్టీవర్ట్ డ్యూక్-ఎల్డర్. ఆయన ఆ రోగులను చూడనైనా చూడలేదు. కంట్లోంచి పరాయి వస్తువును బయటికి తీయడం మన వృత్తి, ఈయనేమిటి లోపలికి పెడుతున్నాడు అన్నది అందరి అభ్యంతరం.

చెప్పుకోవడానికి ఇది మేధావి ఒకవైపు, మూర్ఖులు ఒకవైపు అన్నట్టు బాగుంటుంది. నేను అలా చెప్పను. వ్యతిరేకించినవాళ్ల దగ్గర బలమైన కారణాలున్నాయి. రిడ్లే లెన్సు బరువు. నిలబెట్టడానికి కాళ్లు లేవు. కొందరి కంట్లో జారి వెనక గుంటలో పడింది, కొందరికి కన్ను లోపల నీటి పీడనం పెరిగింది, కొందరికి వాపు వచ్చి లెన్సు తిరిగి తీసేయాల్సి వచ్చింది. సరైన సూక్ష్మదర్శిని లేదు, జుట్టుకన్నా సన్నని దారం లేదు. మంచి ఆలోచన చుట్టూ ఉండాల్సిన సరంజామా ఇంకా పుట్టలేదు. ఆరోగ్యంగా ఉన్న పక్క కన్ను ఉన్నవాళ్ల మీద ఈ ప్రయోగం అవసరమా అని అడగడంలో తప్పులేదు. రోగిని చూడకుండా తీర్పు చెప్పడం మాత్రం తప్పే.

ఇంకో చిక్కు. అప్పటి ఆనవాయితీ ప్రకారం లెన్సును దాని సంచీతో సహా పెకలించి తీసేవారు. ద్రాక్షపండును తొక్కతో పాటు కోసినట్టు. రిడ్లే పద్ధతి వేరు. తొక్క వెనక భాగాన్ని వదిలేసి, లోపలి గుజ్జు మాత్రమే తీసి, ఆ తొక్క ఆసరాగా ప్లాస్టిక్ లెన్సు కూర్చోబెట్టాడు. లోకమంతా తొక్క తీసిపారేస్తుంటే ఈయన పద్ధతి వెనక్కు నడవడంలా కనిపించింది. ఇప్పుడు ప్రతి ఆపరేషన్‌లోనూ లెన్సు కూర్చునేది సరిగ్గా ఆ సంచీలోనే.

మధ్య కాలమంతా తప్పటడుగులు. సంచీ తీసేశాక చోటు లేక, కంటిపాప ముందు గదిలో లెన్సు పెట్టి చూశారు. చాలా నమూనాలు పారదర్శక పటలాన్ని గీరి పాడుచేశాయి. హాలండ్‌లో బింక్‌హోర్స్ట్ కంటిపాపకు క్లిప్పులా తగిలించే లెన్సు చేశాడు, మాస్కోలో ఫ్యోదొరోవ్ తనదైన నమూనా చేశాడు. 1977లో అమెరికా డాక్టరు స్టీవెన్ షీరింగ్ లెన్సుకు రెండు వైపులా జె అక్షరంలా వంకర కాళ్లు పెట్టి, మళ్లీ రిడ్లే పెట్టిన చోటుకే తెచ్చాడు. ఊరంతా తిరిగి ఇంటికొచ్చినట్టు.

ఈలోపు చుట్టుపక్కల సరంజామా పుట్టుకొచ్చింది, అదీ వేరే వేరే ఇళ్లలోంచి. న్యూయార్క్ కంటి వైద్యుడు చార్లెస్ కెల్మన్ పళ్లు శుభ్రం చేయించుకుందామని దంతవైద్యుడి కుర్చీలో కూర్చున్నాడు. సెకనుకు వేలసార్లు అదిరే ఆ సూదిమొన పంటి గారను గీకేస్తుంటే ఆయన బుర్రలో దీపం వెలిగింది. అలాంటిదే చిన్న రంధ్రంలోంచి కంట్లోకి పంపి, శుక్లాన్ని లోపలే నుజ్జుచేసి పీల్చేస్తే? 1967లో మొదలుపెట్టిన ఆ పద్ధతే ఇవాళ బోర్డుల మీద కనిపించే 'ఫేకో'. కన్ను నలిగిపోకుండా లోపల నింపే జిగురు పదార్థాన్ని ఎంద్రె బాలాజ్ కోడిపుంజుల జుట్టు నుంచి తీశాడు. నిజమే, ఆ ఎర్ర కుచ్చులోంచే! 1980 నాటికి అది సీసాల్లో అమ్మకానికొచ్చింది.

ఇంతా చేసి కెల్మన్ చేసిన రంధ్రం మూడు మిల్లీమీటర్లు, లెన్సు వెడల్పు ఆరు. లోపలి శుక్లం సన్న సందులోంచి వచ్చేసింది, లెన్సు పెట్టడానికి మాత్రం మళ్లీ సందు పెంచాలి. కిటికీలోంచి పాత బీరువా ముక్కలు చేసి దించి, కొత్త బీరువా కోసం గోడ పగలగొట్టినట్టు. 1980లలో టామస్ మజ్జాకో సిలికాన్‌తో మడతపడే లెన్సు చేశాకే ఆ పేచీ తీరింది. బజ్జీ చుట్టే కాగితంలా మడిచి లోపలికి తోస్తే అక్కడ తనంతట తాను విచ్చుకుంటుంది. మా నాయనమ్మకు ఇసుక సంచులెందుకో, ఇవాళ ఆపరేషన్ అయిన గంటకే ఇంటికెందుకు పంపుతున్నారో ఈ తేడాలోనే ఉంది.

పరికరాలకు కట్టుదిట్టమైన చట్టం అమెరికాలో 1976లో వచ్చింది. లెన్సులకు అక్కడ పూర్తి అనుమతి దొరికింది 1981లో, అంటే రిడ్లే తొలి ఆపరేషన్ తర్వాత ముప్ఫై రెండేళ్లకు. మన దగ్గర 2005లో కంటి లెన్సును నియంత్రణ పరిధిలోకి తెచ్చినప్పుడు చట్టం దృష్టిలో అది 'మందు'. మింగే మాత్రకూ కంట్లో అద్దానికీ ఒకే గాటన కట్టేసిన మన చట్టాల సౌలభ్యం అది.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే మలుపు. ధర. 1980ల చివర్లో కంట్లో లెన్సు అంటే దిగుమతి సరుకు, ఒక్కొక్కటి నూరు డాలర్ల ప్రాంతంలో. ఊరి క్యాంపుల్లో కూలి మనిషికి ఎక్కడిది? అందుకే ధనవంతుడికి లెన్సు, పేదవాడికి సోడాబుడ్డి అన్నట్టు సాగింది. మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరై, 1976లో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టాడు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినా ఆ వేళ్లతోనే కత్తి పట్టడం తిరిగి నేర్చుకుని, లక్షకు పైగా ఆపరేషన్లు చేసిన మనిషి. లెన్సు కొనలేకపోతే మనమే చేసుకుందాం అని 1992లో ఆరోల్యాబ్ మొదలైంది. అమెరికన్ మిత్రుడు డేవిడ్ గ్రీన్ పరిజ్ఞానం తెచ్చిపెట్టాడు, మదురై చుట్టుపక్కల ఊళ్ల అమ్మాయిలు సూక్ష్మదర్శినుల ముందు కూర్చుని పని నేర్చారు. ధర పది డాలర్ల దగ్గరికి దిగింది, తర్వాత ఇంకా దిగింది. ఇప్పుడు ఆ లెన్సులు నూరుకు పైగా దేశాలకు వెళ్తున్నాయి. కొత్త సూత్రమేదీ లేదు, కొత్త పదార్థమేదీ లేదు. అయినా రిడ్లే పక్కన కుర్చీ వేయాల్సి వస్తే నేను వీళ్లకే వేస్తాను.

మన వైపు సంగతి కూడా ఆ రోజులదే. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం ఇచ్చిన స్థలం, విరాళంతో, అమెరికాలోని రోచెస్టర్ నుంచి వచ్చిన గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో నేత్ర వైద్య సంస్థ నెలకొల్పారు. 1990ల మధ్యలో ప్రపంచ బ్యాంకు రుణంతో శుక్లాల నిర్మూలన పథకం ఏడు రాష్ట్రాల్లో మొదలైంది, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. లెన్సు లేని ఆపరేషన్లు కొద్దికొద్దిగా తగ్గి, స్కూలు గదుల్లో క్యాంపులు మూతపడ్డాయి. సోడాబుడ్డి అద్దాలు పదేళ్లలో వీధుల్లోంచి మాయమయ్యాయి. పోయినట్టు ఎవరూ గమనించలేదు కూడా.

రిడ్లేకు 1986లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 2000లో సర్ బిరుదు దక్కాయి. అప్పటికి ఆయనకు తొంభై మూడేళ్లు. అంతకు పదేళ్ల ముందు ఆయన కళ్లకే శుక్లాలు వస్తే, తాను మొదటి ఆపరేషన్ చేసిన సెయింట్ థామస్‌లోనే లెన్సులు వేయించుకున్నాడు. 2001లో కన్నుమూశాడు. గోర్డన్ క్లీవర్ సంగతి మర్చిపోలేదు. ముక్కలు మిగిలిన ఆ ఒక్క కంటికీ ముదిమిలో శుక్లం పట్టింది. 1980ల చివర్లో ఎరిక్ ఆర్నాట్ అనే డాక్టరు దాన్ని తీసి, ఆ పైలట్ కంట్లో లెన్సు అమర్చాడు.

ఇక మీకొక పని. మీ ఇంట్లో శుక్లం ఆపరేషన్ అయినవాళ్ల డిశ్చార్జి కాగితాలు తీసి చూడండి. ఒక కార్డు మీద వేలెడంత స్టిక్కర్ అంటించి ఉంటుంది. దాని మీద లెన్సు కంపెనీ, మోడల్, 21.5 డి లాంటి పవరు అంకె, సీరియల్ నంబరు ఉంటాయి. రేపు ఆ కంటికి ఏ చికిత్స కావలసి వచ్చినా డాక్టరు మొదట అడిగేది అదే. బీరువాలో పాస్‌బుక్కు పక్కన పెట్టండి, పాత కాగితాలతో తూకానికి వేయకండి.

(వచ్చే భాగం: 1958, స్టాక్‌హోమ్ – గుండెకు కట్టిన తొలి గడియారం)